ద్వీపాంతర యాత్రికుడు – ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్

లవంగాలు, జాజికాయ, జాపత్రి తెలుగువారి వంటింటికి తరతరాలుగా సుపరిచితాలు. అయితే వాటి పుట్టినిల్లు మన దేశం కాదు. బంగాళాఖాతానికి ఆవల, భూమధ్యరేఖకు ఇరువైపులా, తెగిన పచ్చల హారం చెదిరిపడినట్లు వేలకొలది ద్వీపాలు సముద్రం మీద పరచుకొని ఉన్నాయి. వాటిలో తూర్పు దిక్కున ఉన్న మొలక్కస్ దీవులు ఈ సుగంధ వృక్షాలకు జన్మభూమి. కాళిదాస మహాకవి రఘువంశంలో కళింగరాజును వర్ణించే సందర్భంలో, ద్వీపాంతరాల నుంచి లవంగపుష్పాలను మోసుకువచ్చే సముద్రపు గాలులను ప్రస్తావించాడు. ఆ గాలులు వీచిన దిక్కుకు శతాబ్దాల తరబడి వర్తకులు ధనం కోసం వెళ్ళారు. పాలకులు అధికారం కోసం వెళ్ళారు. పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటన్ నుంచి బయలుదేరిన ఒక సామాన్యుడు మాత్రం పురుగుల కోసం, పక్షుల కోసం, తన మనసును వేధిస్తున్న ఒక ప్రశ్నకు సమాధానం కోసం వెళ్ళాడు. అతడే ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్.

వాలెస్ 1823 జనవరి 8న వేల్స్ ప్రాంతంలోని అస్క్ పట్టణ సమీపంలో జన్మించాడు. తండ్రి న్యాయశాస్త్రం చదివినవాడే అయినా ఆ వృత్తిని చేపట్టలేదు. ఉన్న కొద్దిపాటి ఆస్తి లాభసాటి కాని వ్యాపారాలలో కరిగిపోయింది. పెద్ద కుటుంబం, చిన్న రాబడి. వాలెస్‌కు అయిదేళ్ళ వయసులో ఆ కుటుంబం ఇంగ్లండులోని హర్ట్‌ఫర్డ్ పట్టణానికి తరలిపోయింది. అక్కడి పాఠశాలలో అతని చదువు పద్నాలుగవ ఏటనే ముగిసిపోయింది. ఫీజు కట్టే శక్తి ఇంట్లో లేదు. ఆ తరువాత అతనికి కళాశాల గానీ విశ్వవిద్యాలయం గానీ గురుస్థానం వహించలేదు. గ్రంథాలయాలు, శ్రామికుల కోసం ఏర్పడిన ఉపన్యాస మందిరాలు, ఆరుబయలు – ఇవే అతని విద్యాలయాలు.

పెద్దన్న విలియం భూములు కొలిచే సర్వేయరు. తమ్ముణ్ణి తన వద్దనే ఉంచుకొని ఆ పని నేర్పించాడు. గొలుసు పట్టుకొని కొండలు ఎక్కుతూ, వాగులు దాటుతూ వాలెస్ సంవత్సరాల తరబడి పల్లెసీమలు తిరిగాడు. కాలికింద నలుగుతున్న గడ్డిమొక్కలకు, గట్ల మీద పూచిన పూలకు కూడా పేర్లుంటాయనీ, అవి కుటుంబాలుగా వర్గీకృతమై ఉంటాయనీ ఒక చవక పుస్తకం ద్వారా తెలుసుకొన్నాడు. ఆనాటి నుంచి అతని చూపు మారిపోయింది. తీరిక దొరికినప్పుడల్లా మొక్కలు సేకరించి, ఎండబెట్టి, పేర్లు రాసి భద్రపరచసాగాడు.

1844లో సర్వే పనులు తగ్గిపోగా వాలెస్ లెస్టర్ నగరంలో ఉపాధ్యాయుడిగా చేరాడు. ఆ ఊరు అతనికి రెండు వరాలు ఇచ్చింది. ఒకటి, హెన్రీ వాల్టర్ బేట్స్ అనే మిత్రుడు. కేవలం తమ ఊరి పరిసరాలలోనే వందల రకాల పెంకుపురుగులు దొరుకుతాయని బేట్స్ చూపించినప్పుడు వాలెస్ ఆశ్చర్యపోయాడు. రెండవది, అక్కడి గ్రంథాలయంలో చదివిన మాల్థస్ జనాభా సిద్ధాంత గ్రంథం. ఆహారం పెరిగే వేగం కంటె జనం పెరిగే వేగం ఎక్కువనీ, కరవులు, వ్యాధులు ఆ పెరుగుదలకు అడ్డుకట్ట వేస్తాయనీ చెప్పే ఆ గ్రంథం అతని మనసులో విత్తనంలా పడి ఉండిపోయింది. అది మొలకెత్తడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

1845లో అన్న విలియం మరణించాడు. ఆ పనులు చక్కబెట్టడానికి వాలెస్ మళ్ళీ సర్వే వృత్తిలోకి వచ్చాడు గానీ అతని మనసు అందులో నిలువలేదు. లోకంలో ఇన్ని రకాల జీవులు ఎందుకున్నాయి? ఒక జాతి నుంచి మరొక జాతి ఎలా పుడుతుంది? ఈ ప్రశ్నలు అతణ్ణి నిద్రపోనీయలేదు. సమాధానం వెదకాలంటే జీవవైవిధ్యం పొంగిపొరలే ఉష్ణమండల అరణ్యాలకు వెళ్ళాలి. చేతిలో ధనం లేదు. సేకరించిన పక్షులను, పురుగులను లండనులో అమ్మి ఆ రాబడితో ప్రయాణం సాగించాలని మిత్రులిద్దరూ నిశ్చయించుకొన్నారు. శామ్యూల్ స్టీవెన్స్ అనే వ్యక్తి వారి తరఫున అమ్మకాలు చూడడానికి అంగీకరించాడు. 1848 ఏప్రిల్‌లో లివర్‌పూల్ రేవులో ఓడ ఎక్కి, మే నెలాఖరుకు వారు అమెజాన్ నదీముఖం వద్దనున్న పారా నగరం చేరుకొన్నారు.

దక్షిణ అమెరికాలో వాలెస్ నాలుగేళ్ళు గడిపాడు. కొంతకాలానికి మిత్రులిద్దరూ వేర్వేరు మార్గాలు పట్టారు. వాలెస్ రియో నీగ్రో అనే నల్లనీటి ఉపనది వెంట, అక్కడి నుంచి ఉవాపెస్ నది మీదుగా, యూరోపీయులు అరుదుగా అడుగుపెట్టిన ప్రాంతాలకు దోనెలలో ప్రయాణించాడు. సర్వే విద్య అక్కడ అక్కరకు వచ్చింది. ఆ నదుల పటాలను స్వయంగా గీశాడు. విశాలమైన నదులకు ఒక ఒడ్డున ఉండే కోతుల జాతి మరొక ఒడ్డున ఉండకపోవడం గమనించాడు. ఏ జీవి ఎక్కడ దొరికిందో కచ్చితంగా రాసి పెట్టుకోవడం ఎంత ముఖ్యమో అతనికి అక్కడే బోధపడింది.

అయితే అరణ్యం ఇచ్చినదానికి తగిన వెల కూడా వసూలు చేసింది. అన్నకు తోడుగా ఉందామని 1849లో వచ్చిన తమ్ముడు హెర్బర్ట్, ఇంటికి తిరిగి వెళ్ళడానికి పారాలో ఓడ కోసం నిరీక్షిస్తూ 1851లో పచ్చజ్వరంతో మరణించాడు. అతని వయసు ఇరవై రెండేళ్ళు. ఆ సమయంలో వాలెస్ ఎగువ నది మీద, వందల మైళ్ళ దూరంలో, తానే జ్వరపీడితుడై ఉన్నాడు. కడసారి చూపు కూడా దక్కలేదు.

1852 జులై 12న వాలెస్ తన సేకరణలతో, కొన్ని సజీవమైన కోతులతో, చిలుకలతో హెలెన్ అనే ఓడలో స్వదేశానికి బయలుదేరాడు. ఆగస్టు 6న నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకొంది. పొగ కమ్మిన గదిలోకి వెళ్ళి వాలెస్ ఒక చిన్న రేకుపెట్టెను మాత్రం తీసుకోగలిగాడు. అందులో చేపలవీ తాళవృక్షాలవీ బొమ్మలు, కొన్ని రాతప్రతులు ఉన్నాయి. తాడు పట్టుకొని పడవలోకి జారుతుంటే అరచేతుల చర్మం ఊడిపోయింది. ఆ రాత్రంతా ఓడ మండుతూనే ఉంది. తాను ఎంతో శ్రమతో పెంచిన జంతువులు మంటల్లో పడి మాడిపోవడం అతడు కళ్ళారా చూడవలసివచ్చింది. నీళ్ళలో పడిన ఒక్క చిలుక మాత్రం ప్రాణంతో బయటపడింది. కారుతున్న పడవలలో నీళ్ళు తోడుకొంటూ, ఎండకు మాడుతూ, పచ్చిమాంసం, రొట్టెముక్కలు తింటూ పదిరోజులు గడిపిన తరువాత మరొక ఓడ వారిని రక్షించింది. అక్టోబరు 1న వాలెస్ ఇంగ్లండు తీరం చేరాడు. ప్రయాణం మొత్తం ఎనభై రోజులు పట్టింది.

నాలుగేళ్ళ శ్రమఫలం సముద్రగర్భంలో కలిసిపోయింది. దూరదృష్టి గల స్టీవెన్స్ ఆ సరుకుకు 200 పౌండ్ల బీమా చేయించి ఉండడం వల్ల వాలెస్ అన్నవస్త్రాలకు వెతుక్కోవలసిన దుస్థితి తప్పింది. ఇకమీదట సముద్రాన్ని నమ్మరాదని అతడు దారిపొడవునా పదేపదే ఒట్టు పెట్టుకొన్నాడు. కానీ తీరం చేరిన కొద్దిరోజులకే తరువాతి యాత్ర గురించి ఆలోచించసాగాడు. మిగిలిన బొమ్మలు, కాగితాలు, జ్ఞాపకశక్తి ఆధారంగా 1853లో రెండు పుస్తకాలు ప్రచురించాడు. సర్వస్వం కోల్పోయినప్పుడు మిగిలినదానితో తిరిగి మొదలుపెట్టగలగడం అతని స్వభావంలోనే ఉంది.

రాయల్ జాగ్రఫికల్ సొసైటీ సహాయంతో ఉచిత ఓడ ప్రయాణం లభించగా, వాలెస్ 1854 ఏప్రిల్‌లో సింగపూరు చేరుకొన్నాడు. అప్పటికి అతనికి ముప్ఫైయొక్క ఏళ్ళు. నేటి ఇండోనేషియా, మలేషియా, సింగపూరు, తూర్పు తిమోర్ దేశాలు వ్యాపించి ఉన్న మలయ ద్వీపసముదాయంలో ఆ తరువాత ఎనిమిదేళ్ళు అతడు సంచరించాడు. ఆ రోజుల్లో సింగపూరు కొండల మీది అడవుల్లో పులులు తిరిగేవి. వాటిని పట్టడానికి తవ్విన లోతైన గోతులపై కొమ్మలు కప్పి ఉంచేవారు. వాలెస్ ఆ గోతులలో పడకుండా చూసుకొంటూ, చైనా కట్టెలవాళ్ళు నరికి పడవేసిన దుంగల కింద పెంకుపురుగుల కోసం గాలించేవాడు.

అతని దినచర్య నిష్ఠాపరుని వ్రతంలా ఉండేది. తెల్లవారుజామున అయిదున్నరకు లేచి, స్నానం చేసి, కాఫీ తాగి, ముందురోజు పట్టిన కీటకాలను సర్దేవాడు. ఎనిమిదింటికి ఫలహారం, తొమ్మిదింటికి అడవికి ప్రయాణం. మధ్యాహ్నం రెండు మూడు గంటల దాకా చెమటలో తడుస్తూ చెట్లనీడల్లో తిరిగి, యాభై అరవై పురుగులతో తిరిగివచ్చేవాడు. తరువాత వాటిని సూదులతో గుచ్చి అమర్చడం, సాయంత్రం భోజనం, తిరిగి చీకటి పడేవరకు అదే పని. ఇది ఏదో ఒక రోజు ముచ్చట కాదు. దీవులు మారినా, ఇళ్ళు మారినా ఈ నియమం మారలేదు. చీమలు రాకుండా బల్లకాళ్ళను నీళ్ళగిన్నెలలో పెట్టేవాడు. పక్షి చర్మాలను ఎత్తుకుపోయే ఊరకుక్కలతో నిత్యం పోరాడేవాడు.

1854 చివరలో వాలెస్ బోర్నియో ద్వీపంలోని సారవాక్ చేరాడు. అక్కడ ఒక బొగ్గుగని కోసం అడవి నరుకుతున్న చోట పెంకుపురుగులు కుప్పలు తెప్పలుగా దొరికాయి. పురుగుకు ఒక్కొక్క సెంటు చొప్పున ఇస్తానని ప్రకటించి పనివాళ్ళ చేత కూడా పట్టించాడు. ఒరాంగుటాన్ల జీవనవిధానాన్ని అడవిలో పరిశీలించినది కూడా అక్కడే. ఆనాటి ప్రకృతి శాస్త్రజ్ఞుల పద్ధతి ప్రకారం అతడు వాటిని వేటాడి మ్యూజియంలకు పంపాడు. అలా తల్లిని కోల్పోయిన ఒక పసికూనను ఇంటికి తెచ్చుకొని పెంచాడు. పాలు దొరకని చోట గంజినీళ్ళు సీసాతో తాగించాడు. ఒళ్ళు తుడిచి, తల దువ్వి, ఉయ్యాల అమర్చాడు. దాదాపు మూడునెలలు బ్రతికి ఆ కూన మరణించినప్పుడు ఎంతో దుఃఖించాడు. తల్లిని చంపిన చేతులే పిల్లను లాలించిన ఈ ఘట్టం చదివేవారిని నేటికీ కలవరపెడుతుంది.

వర్షాలు ఎడతెగక కురుస్తున్న 1855 ఫిబ్రవరిలో, సారవాక్‌లో ఒంటరిగా కూర్చొని వాలెస్ ఒక వ్యాసం రాశాడు. కొత్తగా పుట్టే ప్రతి జాతి, తనకు సన్నిహిత బంధువైన పాత జాతి ఉన్న చోటనే, దానికి దగ్గరి కాలంలోనే పుడుతుందని అందులో ప్రతిపాదించాడు. జాతులు ఒక వృక్షపు కొమ్మలలాంటివని భావించాడు. అయితే కొమ్మలు ఎలా చీలుతాయన్నది అప్పటికి తెలియలేదు. ఆ సారవాక్‌లోనే అలీ అనే మలయ యువకుడు వాలెస్ కొలువులో చేరాడు. మొదట వంటవాడిగా వచ్చిన అలీ, క్రమంగా వేట, పక్షుల చర్మం ఒలిచి భద్రపరచడం, పడవ నడపడం అన్నింటిలో ఆరితేరి వాలెస్‌కు కుడిభుజమయ్యాడు.

1856లో వాలెస్ సెలెబిస్ దీవిలోని మకాసర్ నగరానికి వెళ్ళదలచాడు. నేరుగా వెళ్ళే ఓడ దొరకలేదు. విధిలేక బాలి, లాంబాక్ ద్వీపాల మీదుగా వెళ్ళవలసివచ్చింది. ఆ నిరుత్సాహమే అతని జీవితంలోని గొప్ప ఆవిష్కరణలలో ఒకదానికి దారితీసింది. బాలిలో వడ్రంగి పిట్టలు, కుకుడుగువ్వలు మొదలైన ఆసియా పక్షులు కనిపించాయి. కొన్ని గంటల ప్రయాణంతో జలసంధి దాటి లాంబాక్‌లో దిగగానే దృశ్యం మారిపోయింది. తెల్లని కాకటూ చిలుకలు కేకలు వేస్తున్నాయి. తేనె తాగే పిట్టలు, ఆకులను మట్టిని గుట్టగా పోగుచేసి అందులో గుడ్లు పెట్టే నేలకోళ్ళు తిరుగుతున్నాయి. ఇవన్నీ ఆస్ట్రేలియా సంతతికి చెందినవి. రెండు దీవుల శీతోష్ణస్థితి ఒకటే, నేల ఒకటే, పచ్చదనం ఒకటే. నలభై కిలోమీటర్లకు మించని నీటిపాయ రెండు లోకాలను వేరుచేస్తోంది.

ఈ హద్దు బోర్నియో, సెలెబిస్ దీవుల మధ్యగా ఉత్తరానికి సాగుతుందని వాలెస్ తరువాత నిరూపించాడు. 1868లో హక్స్‌లీ దానికి వాలెస్ రేఖ అని పేరుపెట్టాడు. సముద్రపు లోతులోనే ఈ రహస్యం ఉందని వాలెస్ గ్రహించాడు. సుమత్రా, జావా, బాలి, బోర్నియోల చుట్టూ సముద్రం లోతు తక్కువ. మంచుయుగాలలో సముద్రమట్టం దిగిపోయినప్పుడు అవన్నీ ఆసియా ఖండంతో కలిసిపోయాయి. కాబట్టి పులులు, ఏనుగులు, ఖడ్గమృగాలు అటు నడిచివెళ్ళగలిగాయి. లాంబాక్ జలసంధి మాత్రం లోతైనది, ఎన్నడూ ఎండలేదు. నేలపొరల ఫలకాలు కదులుతూ దూరంగా ఉన్న భూభాగాలను దగ్గరకు చేర్చాయని ఇరవయ్యవ శతాబ్దపు భూవిజ్ఞానం ఈ వివరణను మరింత పరిపూర్ణం చేసింది.

మకాసర్ నుంచి ఏటా ఒకసారి పడమటి రుతుపవనాల గాలిని ఆసరాగా చేసుకొని వర్తకుల నావలు వెయ్యి మైళ్ళ దూరంలోని అరూ దీవులకు వెళ్ళేవి. తిరిగి రావాలంటే గాలి మళ్ళేదాకా నెలల తరబడి ఆగవలసిందే. 1856 డిసెంబరులో వాలెస్ అటువంటి నావలో బయలుదేరాడు. వెదురు తడికలతో, తాటాకు కప్పుతో కట్టిన చిన్న గది అతని నివాసం. తాను ఎక్కిన ఓడలన్నింటిలోనూ అంత సుఖమైన గది మరొకటి లేదని అతడు భావించాడు. 1857 జనవరి 8న, సరిగ్గా తన ముప్ఫైనాలుగవ పుట్టినరోజున, అరూ చేరుకొన్నాడు.

అరూ దీవులు స్వర్గపక్షుల ఆవాసం. ఆ పక్షుల ఎండు చర్మాలు శతాబ్దాలుగా యూరపుకు చేరుతూ ఉండేవి. చర్మాలు ఒలిచేవారు కాళ్ళు తీసివేసేవారు కాబట్టి, ఆ పక్షులకు కాళ్ళే ఉండవనీ, అవి నేలపై వాలక ఎల్లవేళలా ఆకాశంలోనే విహరిస్తాయనీ అక్కడివారు కథలు అల్లుకొన్నారు. లిన్నేయస్ వాటిలో ఒక జాతికి కాళ్ళులేనిది అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. వాలెస్ వాటిని వాటి అడవిలోనే చూశాడు. ఎత్తయిన చెట్టుకొమ్మల మీద మగపక్షులు గుంపుగా చేరి, బంగారు రంగు ఈకల కుచ్చులను విసనకర్రలా విప్పి, ఉదయవేళ నాట్యమాడే విధానాన్ని లోకానికి వివరించాడు. ఎర్రని రాజ స్వర్గపక్షి చేతికి అందిన రోజున అతణ్ణి ఆనందంతో పాటు విషాదం కూడా ఆవరించింది. ఇంతటి సౌందర్యం తరతరాలుగా చూసేవారు లేని అరణ్యంలో వికసించి రాలిపోయిందంటే, లోకంలోని ప్రతి ప్రాణి మానవుని కోసమే సృష్టింపబడలేదని అర్థం. నాగరికులమని చెప్పుకొనే మనుషులు ఈ అడవులలో అడుగుపెట్టిన నాడు ఈ జీవులే మొదట అంతరిస్తాయని అతడు ఆనాడే భయపడ్డాడు. కీటకాల కాట్ల వల్ల పాదాలు పుండ్లుపడి, నడవలేక వారాల తరబడి గుడిసెలోనే ఉండవలసివచ్చినప్పుడు, గుమ్మం ముందు ఎగిరే సీతాకోకచిలుకలను చూస్తూ బాధపడ్డాడే తప్ప తిరిగివెళ్ళిపోదామని అనుకోలేదు.

1858 జనవరిలో వాలెస్ మొలక్కస్‌లోని టెర్నేట్ ద్వీపానికి చేరాడు. అగ్నిపర్వతం పాదాన వెలసిన ఆ చిన్న దీవి లవంగాల వర్తకానికి పూర్వం ప్రపంచ ప్రసిద్ధమైనది. చల్లని బావి, పండ్లచెట్లు ఉన్న ఒక పాతయిల్లు అద్దెకు తీసుకొని దానిని తన యాత్రలకు స్థావరంగా చేసుకొన్నాడు. ఫిబ్రవరిలో అతనికి చలిజ్వరం వచ్చింది. బయట మండే ఎండ. లోపల దుప్పట్లు కప్పుకొని వణుకు. మంచం మీద పడుకొని ఆలోచిస్తుండగా ఎప్పుడో లెస్టర్‌లో చదివిన మాల్థస్ గుర్తుకు వచ్చాడు. జంతువులు మనుషులకంటె వేగంగా సంతానాన్ని కంటాయి. అయినా లోకం వాటితో నిండిపోవడం లేదు. ఏటా అసంఖ్యాకంగా మరణిస్తున్నాయి. మరి కొన్ని ఎందుకు మిగులుతున్నాయి? వ్యాధిని తట్టుకొన్నది, శత్రువును తప్పించుకొన్నది, ఆహారం సంపాదించుకోగలిగినది, అంటే పరిస్థితులకు ఎక్కువ తగినది మిగులుతుంది. అలా మిగిలిన వాటి లక్షణాలు సంతతికి సంక్రమిస్తాయి. తరాలు గడిచేకొద్దీ జాతి మారిపోతుంది. ఏళ్ళ తరబడి వెదకిన సమాధానం జ్వరపీడలో లభించింది. శరీరం కుదుటపడగానే రెండు మూడు సాయంత్రాలలో వ్యాసం పూర్తిచేసి, తాను గౌరవించే చార్లెస్ డార్విన్‌కు పంపించాడు.

ఆ ఉత్తరం జూన్ 18న డార్విన్‌కు అందింది. డార్విన్ దిగ్భ్రాంతి చెందాడు. ఇరవై ఏళ్ళుగా తాను రహస్యంగా అభివృద్ధి చేస్తున్న సిద్ధాంతమే ఆ కాగితాలలో ఉంది. మౌనం వహిస్తే అన్యాయం. వ్యాసాన్ని ప్రచురిస్తే తన జీవితకృషి వెనుకబడుతుంది. అదే సమయంలో ఇంట్లో పసిబిడ్డ ప్రాణాపాయంలో ఉన్నాడు. ఆ నెలలోనే మరణించాడు కూడా. డార్విన్ నిర్ణయభారాన్ని మిత్రులైన లయల్, హూకర్‌లకు అప్పగించాడు. వారు ఇద్దరి రచనలనూ 1858 జులై 1న లండనులోని లిన్నేయన్ సొసైటీ సమావేశంలో చదివించారు. అంతకుముందే రాసిన డార్విన్ పత్రాలను ముందు, వాలెస్ వ్యాసాన్ని తరువాత చదివారు. వాలెస్ అనుమతి కోరే వ్యవధి ఎవరికీ లేకపోయింది. ఈ సంగతి నెలల తరువాత గానీ ద్వీపాంతరంలో ఉన్న అతనికి తెలియలేదు.

మరొకరైతే తనకు అన్యాయం జరిగిందని వాపోయేవారు. వాలెస్ మాత్రం మహామహుల సరసన తన పేరు నిలిచిందని సంతోషించి తల్లికి ఉత్తరం రాశాడు. 1859లో వెలువడిన డార్విన్ గ్రంథాన్ని చదివి, అంతటి బలమైన సాక్ష్యాధారాలతో తాను రాయగలిగి ఉండేవాణ్ణి కానని మనస్ఫూర్తిగా అంగీకరించాడు. తరువాతి కాలంలో ఆ సిద్ధాంతాన్ని వివరిస్తూ తాను రాసిన గ్రంథానికి డార్వినిజం అనే పేరు పెట్టాడు. డార్విన్ కూడా వాలెస్ ఔదార్యాన్ని జీవితాంతం గౌరవించాడు. కీర్తి కోసం మిత్రులే శత్రువులయ్యే లోకంలో ఈ స్నేహం అపురూపమైనది.

యాత్ర ఇంకా ముగియలేదు. బచాన్ దీవిలో అలీ ఒకనాడు వింతపక్షిని వేటాడి తెచ్చాడు. రెక్కల భుజాల నుంచి పొడవైన తెల్లని ఈకలు జెండాల వలె లేచి ఉన్న ఆ కొత్త స్వర్గపక్షికి శాస్త్రజ్ఞులు వాలెస్ పేరే పెట్టారు. అక్కడే పసుపు, నారింజ వన్నెల మహా సీతాకోకచిలుక వలలో పడినప్పుడు, గుండె దడదడలాడి, రక్తం తలకెక్కి, వాలెస్ స్పృహ తప్పినంత పనయింది. ఆ పూటంతా తలనొప్పితో బాధపడ్డాడు. ఆ దీవిలో అతడు కనుగొన్న మహాకాయ తేనెటీగ మళ్ళీ 1981లో గానీ శాస్త్రజ్ఞుల కంటపడలేదు. 2019లో తొలిసారిగా సజీవంగా ఛాయాచిత్రానికి చిక్కింది.

1860లో న్యూగినీ చేరువలోని వైగియో నుంచి టెర్నేట్‌కు స్వంత నావలో తిరిగివచ్చిన ప్రయాణం కష్టాల పరంపర. పన్నెండు రోజులలో ముగియవలసిన ప్రయాణానికి ముప్ఫైఎనిమిది రోజులు పట్టింది. మొత్తం ఆ యాత్రలో తొలి సిబ్బంది పారిపోయారు. ఇద్దరు మనుషులు నిర్జనమైన దీవిలో చిక్కుకొని నెలరోజులు గడిపారు. నావ పదిసార్లు పగడపు దిబ్బలెక్కింది. నాలుగు లంగర్లు పోయాయి. తెరచాపలను ఎలుకలు కొరికివేశాయి. తాగునీరు, ఆహారం అనేకసార్లు కరవయ్యాయి. అయినా దీవిలో చిక్కిన ఇద్దరినీ వదిలివేయక, వారిని వెదకి తీసుకురావడానికి మరొక పడవను పంపించి, రప్పించగలిగాడు.

1862లో వాలెస్ స్వదేశానికి బయలుదేరాడు. సింగపూరులో అలీకి ధనం, తుపాకులు, పనిముట్లు కానుకగా ఇచ్చి, అతని ఛాయాచిత్రం తీయించి, వీడ్కోలు చెప్పాడు. అక్కడే వంద పౌండ్లకు కొన్న రెండు సజీవ స్వర్గపక్షులను వెంట తీసుకొన్నాడు. వాటికి అరటిపండ్లతో పాటు బొద్దింకలు కావాలి. రాత్రివేళ ఓడ సామాన్ల గదిలో వాటి కోసం వేటాడాడు. మాల్టాలో ఒక రొట్టెల అంగడి నుంచి సేకరించాడు. పక్షులు క్షేమంగా లండను జంతుప్రదర్శనశాల చేరాయి. ఎనిమిదేళ్ళలో వాలెస్ సుమారు 14,000 మైళ్ళు ప్రయాణించాడు. సేకరించినవి 1,25,660 నమూనాలు. వాటిలో 83,200 పెంకుపురుగులు, 13,100 సీతాకోకచిలుకలు, 8,050 పక్షులు ఉన్నాయి. ఈ సేకరణలో అలీ వంటి స్థానిక సహాయకుల చెమట ఎంతో ఉంది. 1869లో ప్రచురించిన మలయ ద్వీపసముదాయం అనే యాత్రాగ్రంథాన్ని వాలెస్ డార్విన్‌కు అంకితమిచ్చాడు.

1866లో అతడు వృక్షశాస్త్రజ్ఞుని కుమార్తె అయిన ఆనీ మిటెన్‌ను వివాహమాడాడు. సంపాదించిన ధనం పెట్టుబడులలో నష్టపోయింది. స్థిరమైన ఉద్యోగం ఎన్నడూ లభించలేదు. డార్విన్ తదితరుల కృషి వల్ల 1881లో ప్రభుత్వం ఏటా 200 పౌండ్ల పింఛను మంజూరు చేసింది. 1876లో జంతువుల భౌగోళిక విస్తరణపై అతడు వెలువరించిన గ్రంథం ఒక నూతన శాస్త్రానికి పునాది వేసింది. భూమి ప్రజలందరిదీ కావాలని వాదించాడు. ప్రేతాత్మలను నమ్మడం, మశూచి టీకాలను వ్యతిరేకించడం వంటి అతని అభిప్రాయాలను మాత్రం శాస్త్రలోకం అంగీకరించలేదు. 1908లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే అత్యున్నత గౌరవం లభించింది. 1913 నవంబరు 7న, తొంభై ఏళ్ళ వయసులో బ్రాడ్‌స్టోన్‌లోని స్వగృహంలో వాలెస్ కన్నుమూశాడు. శిలగా మారిన ఒక ప్రాచీన వృక్షకాండం అతని సమాధిపై నిలిచి ఉంది.

అంతకు ఆరేళ్ళ ముందు, 1907లో, టెర్నేట్ వీధిలో ఒక అమెరికన్ శాస్త్రజ్ఞునికి ముడతలు పడిన ఒక ముసలివాడు ఎదురై, తనను అలీ వాలెస్‌గా పరిచయం చేసుకొన్నాడు. దొరతో గడిపిన కాలం గడిచిపోయి నలభైఅయిదేళ్ళయినా ఆ పేరును అతడు తన పేరుతో కలిపి మోస్తూనే ఉన్నాడు.

1863లోనే వాలెస్ ఒక హెచ్చరిక చేశాడు. ప్రతి జీవజాతి భూమి చరిత్ర అనే మహాగ్రంథంలో ఒక అక్షరం వంటిదనీ, అక్షరాలు చెరిగిపోతే ఆ గ్రంథం చదవడానికి వీలుకాదనీ, రాబోయే తరాలు మనలను నిందిస్తాయనీ అతడు భావించాడు. ఆనాడు అతడు సంచరించిన బోర్నియో, సుమత్రా అడవులు అధికభాగం తరువాతి కాలంలో కలప కోసం, తాటినూనె తోటల కోసం నేలకూలాయి. సింగపూరులో పులులు లేవు. ఒరాంగుటాన్లు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. ఉన్నత విద్య లేకపోయినా, ధనం లేకపోయినా, సేకరించినదంతా కళ్ళముందే కాలిపోయినా వాలెస్ వెనుదిరుగలేదు. అడవిని చదవడం ఎలాగో అతడు నేర్పించాడు. చదవడానికి ఆ అడవిని మిగల్చడం తరువాతి తరాల కర్తవ్యం.